మసి చేసిన ఘనకార్యం

ఒంటి పరమాణువును కంటితో చూసినవాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ నేనే. నవ్వకండి. కళ్లజోడు శుభ్రంగా తుడుచుకుని మరీ చూశాను. లెక్కపెట్టాను కూడా, నలభై ఒకటి. నేను చదివింది ఊరి బళ్లో ఏడో తరగతి దాకానే. బస్తాల కొద్దీ పుస్తకాలు చదివినవాళ్లకి దక్కని భాగ్యం నాకెలా దక్కిందో చెప్పాలంటే ముందు బొగ్గులమ్మాయి సంగతి చెప్పాలి.

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. ప్రయోగశాలలో దాన్ని ఎవరూ వాడరు. మూడున్నరేళ్లుగా రోజూ నల్లటి పొడి నూరి నూరి ఆమె గోళ్ల సందుల్లో నలుపు గూడు కట్టుకుంది. చెవి తమ్మెల మీద, ముక్కు కొస మీద కూడా ఎప్పుడూ ఓ మరక ఉండేది. జుట్టు సవరించుకుంటే జుట్టుకి అంటుకునేది, కాగితం పట్టుకుంటే కాగితానికి. అందుకని బొగ్గులమ్మాయి.

ఆమె పనేమిటంటే, నీళ్లలోంచి హైడ్రోజన్ బుడగలు లాగడం. ఉత్త కరెంటు పెడితే నీళ్లు అంత తేలిగ్గా లొంగవు. మధ్యలో నచ్చజెప్పేవాడు ఒకడు కావాలి. వాణ్ణే ఉత్ప్రేరకం అంటారు. ఆ విద్యలో ప్లాటినాన్ని కొట్టింది లేదు. కాకపోతే ప్లాటినం మహా అరుదు, మహా ప్రియం. చౌకగా దొరికే కోబాల్ట్ చేత అదే పని చేయించాలన్నది ఆమె పంతం.

కోబాల్ట్‌కి ఓ పాడు అలవాటుంది. వేడి తగిలితే చాలు, పరమాణువులన్నీ ఒకచోట చేరి ముద్ద కట్టేస్తాయి. ముద్ద పైనున్నవే చెమటోడ్చి పనిచేస్తాయి, లోపలివి దుప్పటి కప్పుకుని పడుకుంటాయి. అందుకని ఒక్కోదాన్ని ఒక్కో గదిలో విడిగా పెట్టాలి. గదులు కట్టేది కార్బన్‌తో. మొదట ఆ గదులన్నిట్లో జింకును అద్దెకు దింపుతారు. కొలిమి వేడిని తొమ్మిది వందల డిగ్రీలు దాటిస్తే జింకు ఆవిరైపోయి గదులు ఖాళీ చేస్తుంది. ఎక్కడో ఒక గదిలో ఒక కోబాల్ట్ మిగులుతుంది. చుట్టూ నాలుగు నైట్రోజన్లు దాని కాళ్లూ చేతులూ పట్టుకుని కూర్చుంటాయి, ఇక అది ఎక్కడికీ పోలేదు. నీళ్లు ఆ గది దాకా వెళ్లాలి, బుడగలు బయటికి రావాలి. అందుకు వెడల్పాటి వీధులుండాలి, వీధుల్లోంచి సందులు, సందు చివర గది. ఒక్క గుండు పిన్ను తల మీద పట్టేంత ఊరికి ప్లాను గీయడమే ఆమె చదువు.

ఆరు ఊళ్లు కూలిపోయాక ఏడో ఊరు నిలబడింది. ఏడో పొడి! కరెంటు పెట్టగానే ఓ మోస్తరుగా మొదలైంది. నడిపేకొద్దీ పుంజుకుంది. కరెంటు పెంచి తగ్గిస్తే ఒక చుట్టు. అలా ఐదు వేల చుట్లు తిప్పేసరికి ప్లాటినం పక్కన నిలబడి భుజం తట్టేంత అయింది. ఏ ఉత్ప్రేరకమైనా వాడేకొద్దీ అరుగుతుంది, ఇది వాడేకొద్దీ మెరుగవుతోంది! పెద్దసారు, అంటే ఆమె పరిశోధనకు గురువు, తెర మీద పైకెక్కుతున్న గీతల్ని చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. పదకొండేళ్ల తర్వాత ఆయన కుర్చీ వదిలింది అప్పుడేనని ఆఫీసువాళ్లు అనుకున్నారు. వ్యాసం అచ్చయింది. మొదటి పేరు ఆమెది, చివరి పేరు ఆయనది. "తనను తాను దిద్దుకునే ఉత్ప్రేరకం" అని ఆయన ఎక్కని వేదిక లేదు.

ఆ రోజుల్లోనే ఆమె పెద్ద సూక్ష్మదర్శినిలో తీసిన బొమ్మ ఒకటి పట్టుకుని గాజు గదికి పరుగెత్తుకొచ్చింది. గాజు గదిలో ఉండేది గాజు తాత. మంటలో గాజు గొట్టాలు కాల్చి, ఊది, వంచి ప్రయోగశాలకు కావలసిన సెల్లులూ బుడ్లూ చేసిపెట్టే పెద్దాయన. డెబ్బై దాటినా నిటారైన మనిషి, చూడముచ్చటైన ముఖం.

"తాతా, ఈ తెల్ల చుక్కలు చూడు. ఒక్కో చుక్కా ఒక్కో కోబాల్ట్."

తాత కళ్లజోడు పెట్టుకుని వేలు పెట్టి లెక్కించాడు. "నలభై ఒకటి. అమ్మడూ, ఇందులో ఒకటి బలే చలాకీది. నేను తల తిప్పితే అదీ తిరుగుతోంది."

ఆమె నెమ్మదిగా ఆయన కళ్లజోడు తీసి, అద్దం మీది గాజు నలుసు తుడిచి, మళ్లీ పెట్టింది. నలభై ఉన్నాయి.

కళ్లజోడు తుడుచుకుని చూశానని ఇందాక కోతలు కోశానా? తుడుచుకోలేదు. చూసింది పరమాణువును కూడా కాదు, కాగితం మీద దాని ఫొటోని. ఆ గాజు తాత ఎవరో మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. కథలో మాత్రం గాజు తాత అనే అంటాను. దూరం నుంచి చూస్తే మనిషి కాస్త అందంగా కనిపిస్తాడు.

ఇక చిక్కులో పడదాం.

వ్యాసం అచ్చయిన నెలకి, కడుగుతుండగా సెల్లు చేయి పుటుక్కుమని విరిగింది. సెల్లు అంటే పెద్ద విశేషం కాదు, ఆమ్లం పోసే గాజు బుడ్డి. అందులో ఒక పక్క ఆమె పొడి పూసిన కొస, ఎదుటి పక్క కరెంటు తిరిగి వెళ్లడానికి ప్లాటినం తీగ. పాత తీగ విరిగిన గాజులోనే ఇరుక్కుపోయింది, కొత్త తీగ కావాలంటే స్టోరువాళ్లు మూడు నెలలన్నారు. తాత కొత్త సెల్లు ఊది, తీగకు బదులు పెన్సిల్ ములుకు లాంటి గ్రాఫైట్ కడ్డీ బిగించి ఇచ్చాడు. "ఎదుటి పక్క ఏదుంటే ఏంటిలే, కరెంటు పోతే చాలు" అంది ఆమె. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ఏడో పొడి పరీక్షలకే అయిపోయింది. ఎనిమిదోది చేసింది. చచ్చినట్టు పడుంది. తొమ్మిది, పది, పదకొండు. అదే జింకు, అదే కోబాల్ట్, అదే కొలిమి, అదే చెయ్యి. వేడి మార్చింది, సీసాలు మార్చింది, ఆమ్లం మార్చింది, చివరికి తన షిఫ్టు కూడా మార్చింది. పదిహేడో పొడి దాకా ఒక్కటీ కళ్లు తెరవలేదు. సూక్ష్మదర్శినిలో చూస్తే ఊరు అచ్చం అలాగే ఉంది. వీధులున్నాయి, సందులున్నాయి, గదికొకటిగా కోబాల్ట్‌లున్నాయి. కరెంటు పెడితే మాత్రం ఊళ్లో మనిషి అలికిడి లేదు. చేసిన పనిని తానే మళ్లీ చేయలేకపోవడం కన్నా నరకం ఇంకోటి ఉండదు. ఏడో పొడి చేసిన రోజు తన వేళ్లు ఏం చేశాయో తలుచుకుంటూ ఆమె తన చేతుల్ని దొంగల్ని చూసినట్టు చూసేది.

ఆ సోమవారం ఆమె గ్లవ్ బాక్స్‌లో పొడి తూస్తోంది. అది పెద్ద అద్దాల పెట్టె. లోపలికి గాలి పోదు, తేమ పోదు. ముందు వైపు రెండు రబ్బరు తొడుగులు వేలాడుతుంటాయి. వాటిలో భుజాల దాకా చేతులు దూర్చి పనిచేయాలి. చేతులు లోపల, మనిషి బయట. సరిగ్గా మూత తీసిన సీసా ఎడమ చేతిలో ఉండగా పెద్దసారు వచ్చారు.

"ఇక్కడున్నావా? కూర్చో కూర్చో, లేవకు."

లేవడానికి ఆమెకి వీలెక్కడ?

"గురువారం పదకొండింటికి ఫ్యాక్టరీవాళ్లు వస్తున్నారమ్మా, ఐదుగురు. మన పొడిని కళ్లెదుట నడిపి చూపించాలి. నచ్చితే వాళ్ల దగ్గర పెద్ద యంత్రంలో పెడతారట!"

"సార్, ఏడో పొడి చిటికెడు కూడా లేదు."

"లేకపోతే చేయి. చేసిన చెయ్యి నీదేగా?"

"పది సార్లు చేశాను సార్. ఒక్కటీ..."

"అదే నీతో వచ్చిన తంటా. భయపడుతూ చేస్తావు. భయపడే చెయ్యి వణుకుతుంది, వణికితే తూకం తప్పుతుంది."

అప్పుడే ఆమెకి ముక్కు దురద మొదలైంది. కుడి రెక్క పక్కన, సన్నగా. చేయి బయటికి తీయాలంటే సీసాకి మూత పెట్టాలి. మూత దొర్లిపోయి పెట్టె మూల నక్కింది. ఆమె ముక్కు అటూ ఇటూ తిప్పింది.

"ఏంటలా ముఖం పెడతావు? నేనేమన్నానని?"

"ముక్కు దురద సార్."

"ఓర్చుకో. పరిశోధనలో సగం ఓర్పే" అని, ఆయన అక్కడే నిలబడి ఇరవై నిమిషాలు ఓర్పు గురించి చెప్పారు. ఆమెకి అద్దంలో తన ముఖమే కనిపిస్తోంది, దాని వెనక నల్లటి పొడి. నాలుగు వైపులా పట్టుకుని కూర్చోబెట్టిన కోబాల్ట్ ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంది. గురువారం పొడి నడవకపోతే వ్యాసం అబద్ధమని తేలుతుంది. ఏడో పొడి తీసేస్తే ఆమె థీసిస్‌లో మిగిలేవి అట్టా, కృతజ్ఞతలూ. మూడున్నరేళ్ల చదువు, పట్టా, ముందు దొరకబోయే ఉద్యోగం, అన్నీ ఆ ఒక్క గదిలోనే ఇరుక్కున్నాయి.

మర్నాడు పొద్దున్నే గాజు గదికి వచ్చింది.

"తాతా, ఆ విరిగిన పాత సెల్లు ఎక్కడుంది? అతికించివ్వు."

"తాతా అంటే అతకదు. మావయ్యా అని పిలువు, అరగంటలో అతుకుతుంది."

"డెబ్బై రెండేళ్లు నీకు."

"ఆ సంగతి గాజుకి తెలీదు కదా! ఇంతకీ కొత్తదానికి ఏం రోగం?"

"రోగమేం లేదు. అన్నీ మార్చి చూశాను, మార్చనిది అదొక్కటే. ఇది ఆఖరి ప్రయత్నం, మావయ్యా."

మావయ్య గబగబా మంట వెలిగించాడు. పాత సెల్లు చేయి కరిగించి అతికించాడు. ప్లాటినం తీగ దానిలోనే ఉంది. మధ్యాహ్నానికి ఆమె పదిహేడో పొడిని అందులో పెట్టి, ఐదు వేల చుట్లకి మీట నొక్కి ఇంటికి పోయింది.

బుధవారం పొద్దున తెర మీద గీత చూసి ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. వచ్చేసింది! నిన్న చచ్చిన పొడి ఇవాళ ప్లాటినం పక్కన నిలబడింది. ఏడో పొడి గీత మీద ఈ గీత పెడితే వెంట్రుక వాసి తేడా లేదు. ఆమె బల్ల చుట్టూ రెండు సార్లు గెంతింది. మూడో చుట్టు సగంలో ఆగింది.

అదే పొడి. అదే ఆమ్లం. నిన్న కడ్డీ సెల్లులో శవం, ఇవాళ తీగ సెల్లులో వీరుడు.

ఆమె కుర్చీలో కూలబడింది. బుడ్డిలో మెరుస్తున్న తీగ కేసి చూసింది. ఐదు వేల చుట్లు తిప్పితే ఆ తీగ ఆమ్లంలో రవ్వంత కరుగుతుంది. కరిగిన ప్లాటినం ఊరుకుంటుందా? బుడ్డిలో ఈదుకుంటూ వచ్చి, ఎదుటి పక్కనున్న ఆమె పొడి మీద తాపీగా కూర్చుంటుంది. చుట్టు తిరిగేకొద్దీ ఇంకాస్త. అందుకే నడిపేకొద్దీ మెరుగవుతోంది! ఏ ప్లాటినం వద్దని మూడున్నరేళ్లు నూరిందో, ఆ ప్లాటినమే దొడ్డిదారిన వచ్చి కోబాల్ట్ కుర్చీలో కూర్చుని సన్మానాలు చేయించుకుంది.

తలుపు తోసుకుని పెద్దసారు వచ్చారు. తెర చూశారు.

"చెప్పానా! ఓర్పు! చెప్పానా లేదా?"

"సార్, ఒక్క నిమిషం. అది అసలు..."

"ఇంకేం మాట్లాడకు. దాన్ని ముట్టుకోకు, తుడవకు, ఊపిరి కూడా పక్కకి తిరిగి పీల్చు. రేపు పదకొండింటికి ఈ సెల్లే, ఈ పొడే." ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "నిద్రపట్టి పది రోజులైందమ్మా" అని, ఆమె నోరు తెరిచేలోగా వెళ్లిపోయారు.

పొడి నడవనప్పుడు ఆమెకి ఒకటే గోడ అడ్డం. ఇప్పుడు నాలుగు గోడలు లేచాయి. రేపు ఏమీ చేయనక్కర్లేదు, ఊరికే నిలబడితే చాలు, అందరూ చప్పట్లు కొడతారు. అదే ఆమెకి ఊపిరాడనివ్వలేదు.

ఇంకొక్క పరీక్ష మిగిలింది. గాజు గదికి వెళ్లి, తాత మంట పైనున్న పొగగొట్టంలోకి గరిటె పెట్టి గీకడం మొదలుపెట్టింది.

"ఏయ్, ఏయ్! అది ముప్ఫై ఏళ్ల మసి. నా ఆస్తి!"

"చెంచాడే తాతా."

"మావయ్య అయిపోయాడా అప్పుడే? ఏం చేసుకుంటావు మసిని?"

"ఉత్ప్రేరకం."

ఆ మసిలో గదుల్లేవు, వీధుల్లేవు, కోబాల్ట్ అసలే లేదు. ఉన్నదంతా పొగ. పెద్దసారు ముట్టుకోవద్దన్న సెల్లులోంచి పదిహేడో పొడి తీసి పక్కన పెట్టి, సెల్లుని ఉడకబెట్టి కడిగి, కొత్త ఆమ్లం పోసి, మసిని ప్లాటినం తీగకి ఎదురుగా పెట్టి రెండు వేల చుట్లు తిప్పింది. సాయంత్రం ఐదింటికి మసి లేచి కూర్చుంది. తెర మీద పదిహేడో పొడి గీతకి రెండంగుళాల కింద, చక్కగా బుడగలు వదులుతూ!

ఆమె ఉండేది అక్కా బావల ఇంట్లో, రెండు గదుల ఫ్లాటులో. బావ లిఫ్టులు బాగుచేసే మెకానిక్. లిఫ్టు ఆగిపోయి లోపల ఇరుక్కున్నవాళ్లని బయటికి తీయడం ఆయన రోజువారీ పని. ఆ సాయంత్రం ఆమె కంచంలో అన్నాన్ని వీధులుగా, సందులుగా గీస్తూ కూర్చుంది.

"మరదలు పిల్ల ఇవాళ ఊళ్లు కడుతోంది" అన్నాడు బావ.

"దాని జోలికెళ్లకండి, ముఖం చూడండి ఎలా ఉందో" అంది అక్క.

కదపగానే మొత్తం కక్కేసింది. బావకి సగం అర్థమైంది. అక్కకి అంతా అర్థమైంది.

"నోరు మూసుకుంటే పట్టా, తెరిస్తే తంటా. అంతేగా?" అంది అక్క. "మీ సారుకి ఒంటరిగా చెప్పు."

"చెప్తే మూడేళ్లూ పోతాయక్కా. మళ్లీ మొదటికి."

బావ మంచినీళ్లు తాగి గ్లాసు పెట్టాడు. "ఇవాళ ఒకావిణ్ణి తీశాను. ఐదుకీ ఆరుకీ మధ్య ఆగిపోయింది. తలుపు తెరిస్తే కిందనే ఐదో అంతస్తు, ఒక్క అడుగు. దిగమంటే దిగదే! 'నేను ఆరుకి వెళ్లాలి, ఆరుకే తీసుకెళ్లు' అని పోట్లాట. అమ్మా, ఐదులో దిగినా బయటే కదా అంటాను. ఆరో నంబరు మీద వేలు తీయదు."

"చివరికి?"

"చివరికి దిగింది. నన్ను తిట్టుకుంటూ మెట్లెక్కింది. అన్నం తిను, చల్లారిపోతోంది."

గురువారం తొమ్మిదిన్నరకి ఆమె పెద్దసారు గదికి వెళ్లి, "సార్, వాళ్లు రాకముందే మీరొకటి చూడాలి" అంది. ప్రయోగశాలలో తెర మీద రెండు గీతలున్నాయి.

"ఇది మన పొడి" అన్నారాయన. "ఈ రెండోది? కొంచెం తక్కువైనా బాగానే ఉందే! ఏ పొడి?"

"గాజు తాత పొగగొట్టంలో మసి సార్."

"ఏంటి?"

"ఉత్త మసి. ఎదురుగా ప్లాటినం తీగ ఉంటే మసి కూడా ఇంత పని చేస్తుంది. తీగ కరిగి వచ్చి దీని మీద కూర్చుంటోంది. ఏడో పొడి కూడా ఇంతే సార్. కడ్డీ పెట్టాక ఏదీ నడవలేదంటే, తప్పు పొడిది కాదు. మనం చూసింది కోబాల్ట్‌ని కాదు. ఎదుటి పక్క ఏదుంటే ఏంటిలే అన్నది నేను. మొదటి పేరు నాది. తప్పు కూడా మొదట నాదే."

పెద్దసారు తెర కేసి చూశారు. ఆమె ముక్కు మీది మసి కేసి చూశారు. ఉన్నట్టుండి పకపకా నవ్వారు, బల్ల మీది బీకర్లు గలగల్లాడేంత నవ్వు. "మసి! నన్ను ఊరూరా తిప్పింది మసా!" అని కళ్లు తుడుచుకున్నారు.

పదకొండింటికి ఆయనే కిందికి వెళ్లి, గేటు దగ్గరే ఆ ఐదుగురితో మాట్లాడారు. ఆమె పై కిటికీలోంచి చూసింది. ఎండలో ఆయన ఒక్కరూ ఒక పక్క, వాళ్లు ఐదుగురూ మరో పక్క. వాళ్లు కారు తలుపులు వేసుకున్న చప్పుడు పైదాకా వినిపించింది.

వ్యాసం వెనక్కి తీసుకున్నారు. ఆమె థీసిస్‌లో మూడో అధ్యాయం చిరిగిపోయింది. పట్టా ఎప్పటికో తెలీదు. గ్రాఫైట్ కడ్డీ ఎదురుగా కోబాల్ట్ తన సొంత రెక్కల మీద తెచ్చేది చాలా తక్కువ, ప్లాటినం దాన్ని చూసి జాలిపడేంత. అయినా సున్నా మాత్రం కాదు. వీధులు ఇంకాస్త వెడల్పు చేస్తే పెరుగుతుందని ఆమె ఇప్పుడు పద్దెనిమిదో ఊరికి ప్లాను గీస్తోంది. ముక్కు మీద మరక అలాగే ఉంది.

ఇందులో నేను కల్పించింది ఇంకొక్కటే. ముక్కు దురద నిజం, ఇరవై నిమిషాల ఓర్పు నిజం, నా మసి మరీ నిజం. ఆ చెంచాడు ఇప్పటికీ తిరిగి ఇవ్వలేదు. పెద్దసారు నవ్వారన్నది మాత్రం అబద్ధం. నవ్వి ఉంటే బాగుండేదని నేనే నవ్వించాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. ఆమె తలవంచుకుని తలుపు దాకా వెళ్లింది. అప్పుడు వెనక నుంచి, గొంతు సవరించుకోకుండానే అడిగారట:

"కడ్డీ పెడితే ఎంత వచ్చిందన్నావు?"